పాత హోమ్ కంప్యూటర్లతో బొమ్మ, శబ్దం, వీడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

1980ల నాటి హోమ్ కంప్యూటర్ల నుంచి, వాటిని తయారుచేసినవాళ్ళు కూడా ఊహించని బొమ్మలు, పాటలు, వీడియోలు ఎలా రప్పిస్తారని కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలకు జవాబులివి. వరుసగా చదవక్కర్లేదు. కానీ సైకిల్స్ (ప్రాసెసర్ గడియారపు ఒక్కో టిక్కు) లెక్క గురించిన మూడో ప్రశ్న మాత్రం ముందు చదవండి. మిగతా జవాబులు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఏ కంప్యూటర్ల గురించి మాట్లాడుతున్నాం?

ఆపిల్ 2 (1977), అటారీ 400, 800 (1979), బీబీసీ మైక్రో (1981), జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమడోర్ 64 (రెండూ 1982), ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ (1984), అటారీ ఎస్‌టీ, అమిగా (రెండూ 1985). 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఆఫీసుల కోసం పుట్టిందే అయినా దాన్నీ కలుపుకుంటున్నాను. ఈ రంగంలో గత ఇరవై ఏళ్ళలో జరిగిన గొప్ప పనుల్లో కొన్ని దాని మీదే జరిగాయి.

హార్డ్‌వేర్ లిమిట్‌ని నిజంగా ఎవరైనా దాటగలరా?

చిప్ చేయలేని పనిని ఎవరూ చేయించలేరు. కానీ మాన్యువల్‌లో రాసిన లిమిట్ వేరు, చిప్ అసలు లిమిట్ వేరు. మామూలు ప్రోగ్రామర్‌కు పనికొచ్చే పద్ధతులు చెప్పి మాన్యువల్ ఆగిపోతుంది. ఉదాహరణకు కమడోర్ 64లో ఎనిమిది స్ప్రైట్లు (వెనకున్న తెరను చెరపకుండా కదిలించగల చిన్న బొమ్మలు) ఉంటాయని రాస్తారు. నిజానికి ఆ వీడియో చిప్‌కు తెలిసింది "ఒక లైన్ మీద ఎనిమిది" అని మాత్రమే. టీవీలో కిరణం ఒక స్ప్రైట్‌ను గీసేసి కిందికి దిగాక, అదే స్ప్రైట్‌ను ఇంకాస్త కింద మరో చోట, మరో ఆకారంతో పెట్టేయొచ్చు. చూసేవాళ్ళకు తెరమీద 24 కనిపిస్తాయి, 32 కనిపిస్తాయి. దీన్నే మల్టీప్లెక్సింగ్ అంటారు. చాలా మంచి గేమ్‌లు దీని మీదే నడిచాయి.

కాబట్టి "లిమిట్ దాటడం" అంటే, ఏ క్షణంలో చిప్ ఏం చేస్తోందో తెలుసుకుని ఆ క్షణంలో దానికి కొత్త పని చెప్పడం.

ముందు అడ్డుపడేది ఏది? మెమరీనా, రంగులా, స్పీడా?

దాదాపు ఎప్పుడూ టైమే. ఇది నోటితో చెప్తే నమ్మకం కుదరదు కాబట్టి లెక్క చేసి చూద్దాం.

పాల్ అనే పద్ధతి (యూరప్‌లో, మన దేశంలో వాడినది) టీవీల కోసం వచ్చిన కమడోర్ 64లో ప్రాసెసర్ సెకనుకు సుమారు 9,85,000 సైకిల్స్ నడుస్తుంది. తెరమీద ఒక లైన్ గీసేసరికి 63 సైకిల్స్ అయిపోతాయి. ఒక ఫ్రేమ్‌లో, అంటే తెరమీద ఒకసారి పూర్తిగా గీసే బొమ్మలో, 312 లైన్లు. అంటే ఒక ఫ్రేమ్‌కు 19,656 సైకిల్స్. మీ దగ్గరున్న సొమ్మంతా ఇదే.

మల్టీకలర్ మోడ్‌లో ఒక పూర్తి బొమ్మకు 8,000 బైట్ల బిట్‌మ్యాప్ (బొమ్మలోని చుక్కలు), రంగుల కోసం 1,000 బైట్ల స్క్రీన్ మెమరీ, 1,000 బైట్ల కలర్ మెమరీ, బ్యాక్‌గ్రౌండ్ రంగు కోసం ఇంకో బైట్ కావాలి. మొత్తం 10,001. మెమరీలో ఒక చోటి నుంచి బైట్ తీసి ఇంకో చోట పెట్టడానికి, లూప్ ఖర్చు ఏమీ లేకుండా రాసినా, 8 సైకిల్స్ పడతాయి. పది వేల బైట్లకు 80,000 సైకిల్స్. అంటే నాలుగు ఫ్రేములకు పైనే. ప్రాసెసర్ వేరే ఏ పనీ ముట్టుకోకుండా కాపీ ఒక్కటే చేస్తూ కూర్చున్నా సెకనుకు 12 బొమ్మలు దాటవు. వీడియో చిప్ మధ్యమధ్యలో లాగేసుకునే సైకిల్స్ కలిపితే ఇంకా తగ్గుతాయి.

గమనించండి, ఇందులో 16 రంగుల ప్రస్తావన రాలేదు, 64 కేబీ ప్రస్తావన కూడా రాలేదు. ఏ మెషీన్ మీద పని మొదలుపెట్టినా ముందు కాగితం మీద ఈ లెక్క వేయమని నా సలహా. ఫ్రేమ్‌కు ఎన్ని సైకిల్స్, బొమ్మకు ఎన్ని బైట్లు, బైట్‌కు ఎన్ని సైకిల్స్. ఈ మూడు తెలిస్తే ఏది సాధ్యమో, ఏది కాదో కోడ్ రాయకముందే తెలిసిపోతుంది.

కిరణం, లైన్, రాస్టర్ అంటూ ఉంటారు. దానికెందుకు అంత ప్రాధాన్యం?

పాత టీవీలో బొమ్మ ఒక్కసారిగా రాదు. కిరణం ఎడమ నుంచి కుడికి ఒక లైన్ గీసి, తర్వాతి లైన్‌కు దిగుతూ పై నుంచి కింది దాకా వెళ్తుంది. ఈ లైన్ల వరసనే రాస్టర్ అంటారు. ఈ కంప్యూటర్లలో వీడియో చిప్ ఆ కిరణంతో పాటే నడుస్తూ, అప్పటికప్పుడు మెమరీ చదివి రంగు పంపిస్తుంది. కాబట్టి లైన్ మధ్యలో రంగు రిజిస్టర్ (చిప్‌కు ఏ రంగు వాడాలో చెప్పే చిన్న మెమరీ గడి) మారిస్తే ఎడమ సగం ఒక రంగు, కుడి సగం ఇంకో రంగు. ట్రిక్కులన్నిటికీ ఇదే మూలం.

కష్టం ఎక్కడంటే, సరిగ్గా ఆ సైకిల్‌లోనే మార్చాలి. కమడోర్ 64లో ఫలానా లైన్ రాగానే ఇంటరప్ట్ (ఉన్న పని ఆపి ఇటు చూడమని ప్రాసెసర్‌కు సంకేతం) ఇవ్వమని చిప్‌కు చెప్పొచ్చు. కానీ ప్రాసెసర్ చేతిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ పూర్తి చేశాకే ఇంటరప్ట్ వైపు తిరుగుతుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్ పొడవును బట్టి కొన్ని సైకిల్స్ అటూ ఇటూ అవుతాయి. అందుకే మొదటిసారి రాసిన రంగు చారల అంచులు వణుకుతూ కనిపిస్తాయి. ఆ వణుకు తీసేయడాన్ని స్టేబుల్ రాస్టర్ అంటారు. వెంటవెంటనే రెండు ఇంటరప్ట్‌లు పెట్టి, రెండోది వచ్చే వేళకు ప్రాసెసర్‌తో ఏ పనీ చేయకుండా రెండే సైకిల్స్ పట్టే నోప్ ఇన్‌స్ట్రక్షన్లు నడిపిస్తారు. అప్పుడు తేడా ఒక్క సైకిల్‌కు దిగుతుంది. ఆ ఒక్కటీ లెక్కగా సరిచేయొచ్చు.

ఇంకో చిక్కు బ్యాడ్ లైన్లు. ప్రతి ఎనిమిది లైన్లకోసారి వీడియో చిప్ అక్షరాల వరస మొత్తాన్ని, రంగుల సమాచారంతో సహా, చదువుకోవడానికి 40కి పైగా సైకిల్స్ లాగేసుకుంటుంది. ఆ లైన్‌లో ప్రాసెసర్‌కు మిగిలేవి ఇరవై చిల్లర. ఈ ఇబ్బందినే కొందరు వరంగా మార్చుకున్నారు. ఎలాగో తర్వాతి జవాబులో ఉంది.

కమడోర్ 64లో 16 రంగులే కదా, అంత వివరంగా ఉండే ఫోటోలు ఎలా వస్తున్నాయి?

మల్టీకలర్ మోడ్‌లో ఒక్కో గడిలో నాలుగు రంగులే వాడొచ్చు. గడి ఎత్తు ఎనిమిది లైన్లు. ముఖం అంచు, జుట్టు, వెనకాల ఆకాశం ఒకే గడిలో పడితే రంగులు చాలవు.

చిప్ రంగుల సమాచారాన్ని బ్యాడ్ లైన్‌లోనే చదువుతుందని చెప్పాను కదా. మరి ప్రతి లైన్‌నూ బ్యాడ్ లైన్ చేసేస్తే? నిలువు స్క్రోల్ రిజిస్టర్‌ను ప్రతి లైన్‌లో మారుస్తూ చిప్‌ను అలా నమ్మించొచ్చు. అప్పుడది ప్రతి లైన్‌కూ కొత్త రంగులు చదువుతుంది. ఎనిమిది లైన్లకు ఎనిమిది వేర్వేరు స్క్రీన్ మెమరీలు పెట్టుకుంటే ఒక్కో గడిలో ఒక్కో లైన్‌కు వేరే రంగులు వస్తాయి. ఈ పద్ధతి పేరు ఎఫ్‌ఎల్‌ఐ. స్క్రీన్ మెమరీలకు 8 కేబీ, బిట్‌మ్యాప్‌కు 8 కేబీ. ఆ వీడియో చిప్ ఒకేసారి చూడగలిగేది సరిగ్గా 16 కేబీ. మొత్తం నిండిపోయింది.

ఖరీదు రెండు రకాలు. బొమ్మ గీస్తున్నంతసేపూ ప్రాసెసర్‌కు లైన్‌కు 23 సైకిల్సే మిగులుతాయి, అవి రిజిస్టర్లు మార్చడానికే సరిపోతాయి. రెండోది, ఎడమ అంచున 24 పిక్సెల్స్ వెడల్పున బొమ్మ పాడవుతుంది, ఎందుకంటే చిప్ హడావుడిగా మెమరీకి వెళ్ళే దారిని (బస్) ప్రాసెసర్ నుంచి తీసుకునేటప్పుడు మొదటి మూడు గడులకు సరైన డేటా అందదు. కొందరు అక్కడ స్ప్రైట్లు పరిచి కప్పేస్తారు. బొమ్మనే కాస్త కుడికి జరిపి గీసేవాళ్ళూ ఉన్నారు. నాకైతే రెండోదే నచ్చుతుంది, అంచు శుభ్రంగా ఉంటుంది.

దీనిపైన ఇంకో మెట్టు, రెండు బొమ్మల్ని ఫ్రేమ్ మార్చి ఫ్రేమ్ చూపించడం. కంటికి రెండు రంగులు కలిసి మూడో రంగులా తోస్తుంది. మెరుపు మాత్రం తప్పదు. వెలుగు తీవ్రత దగ్గరగా ఉన్న రంగుల్ని జతచేస్తే మెరుపు బాగా తగ్గుతుంది. మంచి చిత్రకారుల బొమ్మల్లో ఈ జాగ్రత్త స్పష్టంగా కనిపిస్తుంది.

స్పెక్ట్రమ్‌లో బొమ్మ కదిలితే రంగులు అంటుకుంటాయే, దాన్ని ఆపొచ్చా?

స్పెక్ట్రమ్ తెర 256×192. బిట్‌మ్యాప్‌కు 6,144 బైట్లు, రంగులకు 768 బైట్లే. 8×8 గడికి రెండే రంగులు. మెమరీ ఆదా అయింది, బొమ్మలకు ఇబ్బంది వచ్చింది. గడిలోకి ఇంకో వస్తువు దూరితే ఉన్నదాని రంగు కూడా మారిపోతుంది.

అయితే దీని వీడియో చిప్ రంగుల బైట్‌ను ప్రతి లైన్‌లోనూ మళ్ళీ చదువుతుంది. అది చదివే లోపు కొత్త రంగు రాసిపెడితే 8×1 గడులు దొరుకుతాయి. ఇక్కడా లెక్కే. 48 కేబీ మోడల్‌లో లైన్‌కు 224 క్లాక్‌లు. స్పెక్ట్రమ్ ప్రాసెసర్ జెడ్80లో రెండు బైట్లు రాయడానికి వేగమైన దారి, రిజిస్టర్ జంటలో విలువ వేసి స్టాక్‌లోకి తోయడం: 10 ప్లస్ 11, మొత్తం 21 క్లాక్‌లు. 224లో ఇలాంటివి పది పడతాయి. అంటే ఇరవై గడులు. తెర వెడల్పు 32 గడులు. పైగా ఆ మెమరీ కోసం వీడియో చిప్ కూడా పోటీపడి ప్రాసెసర్‌ను ఆపుతుంటుంది. అందుకే ఈ పద్ధతి వాడిన గేమ్‌లలో మధ్యలో సన్నటి పట్టీలోనే రంగుల పండగ కనిపిస్తుంది, లేదా రెండు లైన్లకోసారి మార్చి వెడల్పు పెంచుకుంటారు.

అమిగా 4,096 రంగులు ఒకేసారి చూపించేదట. మరి గేమ్‌లలో ఎందుకు వాడలేదు?

ఆ మోడ్ పేరు హామ్. ఇందులో ప్రతి పిక్సెల్‌కు ఆరు బిట్లు. రెండు బిట్లు ఆజ్ఞ, నాలుగు బిట్లు విలువ. "16 రంగుల పట్టికలోంచి తీసుకో" అనో, "పక్క పిక్సెల్ రంగే ఉంచి అందులో ఎరుపు మాత్రం మార్చు" అనో (పచ్చ, నీలాలకూ అంతే) ఆజ్ఞ ఉంటుంది. ఫోటోలకు అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ప్రతి పిక్సెల్ తన ఎడమ పక్కదాని మీద ఆధారపడుతుంది. మధ్యలో ఒక బొమ్మను కదిలిస్తే దాని కుడివైపు అంతా రంగులు చెదిరిపోతాయి. గేమ్‌కు పనికిరాదు.

గేమ్‌లకూ డెమోలకూ (ఇలాంటి ట్రిక్కులు చూపించడానికే చేసే ప్రోగ్రామ్‌లు) అసలైన ఆయుధం కాపర్. కిరణం ఫలానా చోటికి వచ్చేదాకా ఆగి రిజిస్టర్ మార్చడమే దాని పని. కమడోర్ 64లో ప్రాసెసర్ ఊపిరాడకుండా చేసే పనిని ఇక్కడ అమిగా చిప్‌లలో ఒకదాని లోపలున్న ఈ చిన్న సహాయక ప్రాసెసర్ పక్కన కూర్చుని చేసిపెడుతుంది. ప్రాసెసర్ ఖాళీ. అమిగా చిప్‌ల వెనక ఉన్న జే మైనర్ అంతకుముందు అటారీ 8-బిట్ కంప్యూటర్ల చిప్‌ల మీద కూడా పనిచేశారు. ఆ మెషీన్లలోని డిస్‌ప్లే లిస్ట్‌ను (ఏ లైన్‌ను ఏ మోడ్‌లో చూపాలో చెప్పే జాబితా) చూస్తే కాపర్‌కు చుట్టరికం తెలుస్తుంది. లైన్ లైన్‌కూ కాపర్‌తో పట్టిక మార్చే హామ్ బొమ్మల్ని కూడా చేశారు, రంగు అంచులు చెదరడం చాలావరకు పోతుంది.

అటారీ ఎస్‌టీలో?

512 రంగుల్లోంచి 16 చూపిస్తుంది. కాపర్ లాంటిది లేదు, ప్రాసెసరే చేయాలి. స్పెక్ట్రమ్ 512 అనే బొమ్మల ప్రోగ్రామ్ ప్రతి లైన్‌లో పట్టికను మూడుసార్లు మార్చి లైన్‌కు 48 రంగులు తెచ్చింది. బొమ్మ కనిపిస్తున్నంతసేపూ ప్రాసెసర్‌కు అదే పని. బోర్డర్లు తెరవడానికి (బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండే అంచుల్లో కూడా బొమ్మ రప్పించడానికి) వాడే పద్ధతి ఇంకా విచిత్రం: సరైన క్షణంలో 60 హెర్ట్జ్‌కు మార్చి వెంటనే 50కి తెస్తే, తెర అయిపోయిందన్న సంగతి వీడియో చిప్ గమనించదు.

పాత ఐబీఎం పీసీలో తెరమీద బొమ్మ చూపించే సీజీఏ కార్డ్‌కు నాలుగు రంగులే కదా?

డిజిటల్ మానిటర్ పెట్టి గ్రాఫిక్స్ మోడ్‌లో చూస్తే అంతే. కానీ ఆ కార్డ్‌కు టీవీకి వెళ్ళే కాంపోజిట్ సాకెట్ కూడా ఉంది. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో రంగు సమాచారం 3.58 మెగాహెర్ట్జ్ అల మీద వస్తుంది. 640 పిక్సెల్స్ నలుపు తెలుపు మోడ్‌లో పిక్సెల్ వేగం దానికి సరిగ్గా నాలుగు రెట్లు. కాబట్టి నాలుగు పిక్సెల్స్ నమూనాను టీవీ ఒక రంగుగా పొరబడుతుంది. నాలుగు బిట్లకు పదహారు నమూనాలు. ఆపిల్ 2లో స్టీవ్ వోజ్నియాక్ 1977లోనే ఈ గుణాన్ని నమ్ముకుని కలర్ గ్రాఫిక్స్ చేశారు.

2015లో జర్మనీలో జరిగే రివిజన్ డెమోపార్టీలో 8088 ఎంపీహెచ్ అనే డెమో, 4.77 మెగాహెర్ట్జ్ పీసీ మీద ఇదే సాకెట్ నుంచి 1,024 రంగులు చూపించింది. వాళ్ళు గ్రాఫిక్స్ మోడ్ వదిలేసి టెక్స్ట్ మోడ్ తీసుకున్నారు. కొన్ని అక్షరాల పై భాగంలోని చుక్కల నమూనాలు మాత్రమే కనిపించేలా చేసి, అక్షరం రంగు 16, వెనక రంగు 16 కలిపితే 256 జతలు. అలాంటి నమూనాలు నాలుగు, అంటే 1,024. ముప్పై నాలుగేళ్ళుగా అందరి కళ్ళముందే ఉన్న కార్డ్‌లో ఇది దాగి ఉంది. ఈ రంగం మీద నాకు మమకారం ఎందుకంటే ముందు చెప్పేది ఈ డెమో పేరే.

ఒక్క బిట్ స్పీకర్ నుంచి పాట, మాట ఎలా వస్తాయి?

స్పెక్ట్రమ్ స్పీకర్‌కు పోర్ట్ 254లో ఒక్క బిట్. ఆపిల్ 2లో అయితే 49200 అడ్రస్‌ను ముట్టుకుంటే స్పీకర్ పొర ఒకసారి అటు, ఇంకోసారి ఇటు కదులుతుంది, అంతే. శబ్దం పెంచడం, తగ్గించడం లేదు.

అయితే స్పీకర్ పొరకు బరువుంది, వెంటనే కదలలేదు. దానికంటే వేగంగా బిట్‌ను ఆన్, ఆఫ్ చేస్తే పొర మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. ఆన్‌లో ఎంతసేపు ఉంచామో దాన్ని బట్టి ఎక్కడ నిలవాలో నిర్ణయించొచ్చు. అంటే శబ్దం స్థాయిని కాలంగా మార్చేశాం. ఐబీఎం పీసీలో టైమర్ సెకనుకు 11,93,182 సార్లు లెక్కపెడుతుంది. ఒక్కో శాంపిల్‌కు (శబ్దం అలలో ఒక్కో క్షణపు కొలత) 64 లెక్కలు ఇస్తే 64 స్థాయిలు, అంటే ఆరు బిట్ల నాణ్యత, సెకనుకు 18,600 పైచిలుకు శాంపిల్స్. మనిషి మాట స్పష్టంగా వినిపిస్తుంది. శాంపిల్ రేటు తగ్గిస్తే స్థాయిలు పెరుగుతాయి గానీ వెనకాల సన్నటి ఈల మొదలవుతుంది. ఆ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి.

స్పెక్ట్రమ్‌లో అలాంటి టైమర్ కూడా లేదు. ప్రాసెసర్ స్వయంగా సైకిల్స్ లెక్కపెడుతూ రెండు, మూడు, అంతకంటే ఎక్కువ స్వరాలకు వంతులవారీగా ఆ ఒక్క బిట్‌ను పంచుతుంది. 1980ల మధ్యలో టిమ్ ఫోలిన్ అనే కుర్రాడు ఈ బీపర్ మీద చేసిన సంగీతాన్ని ఇప్పటికీ పాఠంలా వింటారు. పాట మోగుతున్నంతసేపూ తెరమీద ఏమీ కదలదు. అందుకే అవి ఎక్కువగా టైటిల్ స్క్రీన్‌లోనే ఉంటాయి.

కమడోర్ 64 శబ్దం చిప్ సిడ్‌లో శాంపిల్స్ ఆడించే సౌకర్యమే లేదు. మరి డ్రమ్స్, మాటలు ఎలా?

బాబ్ యానెస్ రూపొందించిన సిడ్‌లో మూడు స్వరాలు, ఒక ఫిల్టర్ ఉన్నాయి. శాంపిల్స్ కోసం ఏమీ పెట్టలేదు. కానీ 54296 అడ్రస్‌లోని వాల్యూమ్ విలువ మార్చినప్పుడల్లా మొదటి 6581 చిప్‌లో టక్కుమని శబ్దం వస్తుంది, ఎందుకంటే లోపల ఎప్పుడూ కొంత స్థిరమైన వోల్టేజీ ఉంటుంది. అది నిజానికి లోపం. సెకనుకు కొన్ని వేలసార్లు ఆ వాల్యూమ్ మారిస్తే ఆ టక్కులే కలిసి శాంపిల్ అవుతాయి. వాల్యూమ్‌కు నాలుగు బిట్లు కాబట్టి నాలుగు బిట్ల శాంపిల్స్. సెకనుకు 8,000 చొప్పున ఆడిస్తే ఒక్కో శాంపిల్‌కు 123 సైకిల్స్ మాత్రమే, సెకను శబ్దానికి 4 కేబీ మెమరీ.

తర్వాత వచ్చిన 8580 చిప్‌లో ఆ లోపాన్ని సరిచేశారు. దాంతో పాత గేమ్‌లలో మాటలు వినీ వినబడనట్టు అయిపోయాయి. చిన్న రెసిస్టర్ పెట్టి ఆ స్థిర వోల్టేజీని తిరిగి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. కొత్త ప్రోగ్రామ్‌లయితే స్వరాలనే ఒక స్థాయిలో ఆపి పట్టి ఆ పని చేయిస్తాయి. ఇంకా ముందుకెళ్ళి, ఆ రిజిస్టర్‌లోని ఫిల్టర్ బిట్లను కూడా కలుపుకుని మొత్తం ఎనిమిది బిట్లతో చాలా ఎక్కువ స్థాయిలు రాబట్టే పద్ధతి కూడా వచ్చింది. మీ మెషీన్‌లో ఏ చిప్ ఉందో చూసుకోకుండా శబ్దం బాగాలేదని నిర్ణయానికి రావద్దు.

అమిగా పాటలు అంత చిన్న ఫైళ్ళలో ఎలా ఇమిడాయి?

మూడు నిమిషాల పాటను సెకనుకు 22,000 శాంపిల్స్‌తో ఎనిమిది బిట్లలో రికార్డ్ చేస్తే దాదాపు 4 ఎంబీ. అమిగా ఫ్లాపీ 880 కేబీ. 1987లో కార్స్టెన్ ఒబార్స్కి అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ తెచ్చారు. వాయిద్యాల చిన్న చిన్న ముక్కలు, ఏ ముక్క ఏ స్వరంలో ఎప్పుడు మోగాలో చెప్పే పట్టిక, ఈ రెండే ఫైల్‌లో ఉంటాయి. అలా పుట్టిందే మాడ్ ఫార్మాట్.

నాణ్యత గురించి అడిగేవాళ్ళ కోసం: అమిగా శబ్దం చిప్ పౌలాలో నాలుగు ఎనిమిది బిట్ల చానెల్స్, వాల్యూమ్ 0 నుంచి 64. ఒక చానెల్‌ను 64లో, ఇంకోదాన్ని 1లో పెట్టి, మొదటిదానికి పై ఎనిమిది బిట్లు, రెండోదానికి కింది ఆరు బిట్లు ఇస్తే 14 బిట్ల శబ్దం వస్తుంది. ఎడమకు రెండు, కుడికి రెండు చానెల్స్ ఉన్నాయి కాబట్టి స్టీరియో కూడా కుదురుతుంది.

వీడియో నిజంగా ఆడించగలమా?

ఆడించొచ్చు, పంపే బైట్లు తగ్గిస్తే. జిమ్ లెనర్డ్ 2004లో చేసిన 8088 కరప్షన్ దీనికి మంచి ఉదాహరణ. హార్డ్ డిస్క్, సౌండ్ బ్లాస్టర్ అనే శబ్దం కార్డ్ ఉన్న ఐబీఎం పీసీ మీద శబ్దంతో సహా వీడియో నడిచింది. సీజీఏ గ్రాఫిక్స్ తెరకు 16 కేబీ కావాలి, అంత డేటాను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ నెట్టే శక్తి ఆ పీసీ ప్రాసెసర్ 8088కు లేదు. ఆయన 40×25 టెక్స్ట్ మోడ్ తీసుకున్నారు. ఒక ఫ్రేమ్‌కు 2,000 బైట్లే. బొమ్మలోని ప్రతి చిన్న ముక్కకూ దగ్గరగా ఉండే అక్షరం, రంగుల జతను ముందే వెతికి పెట్టుకున్నారు.

పదేళ్ళ తర్వాత 2014లో వచ్చిన 8088 డామినేషన్ గ్రాఫిక్స్ మోడ్‌లోనే నడిచింది. ఈసారి రెండు ఫ్రేముల మధ్య తేడాను మాత్రమే తీసి, ఆ తేడాను తెరమీద రాసే మెషీన్ కోడ్‌గా ముందే మార్చేశారు. వీడియో ఫైల్ అంటే డేటా ఉండాలనే ఆలోచననే పక్కన పెట్టి, ఫైల్‌నే ప్రోగ్రామ్‌గా చేశారు. డీకోడ్ చేయడానికి ఇక సైకిల్స్ ఖర్చవవు.

కమడోర్ 64కు 512 కేబీ మెమరీ ఎక్స్‌పాన్షన్ పెడితే అది సైకిల్‌కు ఒక బైట్ చొప్పున కాపీ చేస్తుంది. ఇందాకటి 80,000 సైకిల్స్ పని పది వేలకు దిగుతుంది. కానీ 512 కేబీలో పూర్తి బొమ్మలు 52 పడతాయి, సెకనుకు 25 చొప్పున రెండు సెకన్లలో అయిపోతాయి. టైమ్ సమస్య తీరగానే చోటు సమస్య ఎదురొస్తుందన్నమాట.

డిస్క్ నుంచి నేరుగా చదువుతూ ఆడించలేమా?

కమడోర్ 1541 డ్రైవ్ మామూలుగా సెకనుకు 400 బైట్లు ఇస్తుంది. ఒక బొమ్మకు 25 సెకన్లు. డిస్క్ మొత్తం 170 కేబీ. అయితే ఆ డ్రైవ్‌లో సొంతంగా ఒక 6502 ప్రాసెసర్, 2 కేబీ మెమరీ ఉన్నాయి. మన కోడ్‌ను దాంట్లోకి పంపి, రెండు కంప్యూటర్లూ కొత్త పద్ధతిలో మాట్లాడుకునేలా చేయొచ్చు. ఫాస్ట్‌లోడర్లు చేసేది ఇదే, పది రెట్ల వేగం తేలిగ్గా వస్తుంది. డెమోలలో ఒక భాగం నడుస్తుండగానే తర్వాతి భాగం వెనకాల లోడ్ అయ్యేది కూడా ఇలాగే.

అదనపు హార్డ్‌వేర్ పెట్టడం మోసమా?

ఆ కాలంలో ఆ మెషీన్ కోసం అమ్మినది ఏదైనా న్యాయమే అని నా అభిప్రాయం. ఈనాటి వేగమైన ప్రాసెసర్‌ను కార్ట్రిడ్జ్‌లో పెట్టి అదే బొమ్మలు తయారుచేసి పంపిస్తుంటే, పాత మెషీన్ వట్టి డిస్‌ప్లేగా మిగిలిపోతుంది. అలాంటి ప్రాజెక్ట్‌లలోనూ నేర్చుకోవాల్సింది ఉంది, కానీ వాటిని మామూలు మెషీన్ మీద చేసిన పనితో పోల్చకూడదు. ఏం వాడారో మొదటే చెప్పేస్తే గొడవే ఉండదు. ముందే పెద్ద కంప్యూటర్ మీద లెక్కలు చేసి పెట్టుకోవడం మాత్రం అందరూ చేసేదే, అందులో తప్పేమీ లేదు.

డెమోసీన్ అంటే ఏమిటి?

ఈ పద్ధతుల్లో చాలావాటిని కనిపెట్టి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని, పోటీపడి మెరుగుపరిచిన సమాజం. కాపీ ప్రొటెక్షన్ తీసేసిన గేమ్‌ల ముందు పెట్టే చిన్న ఇంట్రోల నుంచి పుట్టింది, తర్వాత స్వతంత్ర కళ అయింది. ఫిన్లాండ్ 2020లో, జర్మనీ 2021లో దీన్ని తమ జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చాయి.

ఒకే ప్రోగ్రామ్ ఒక మెషీన్‌లో బాగుండి ఇంకోదాంట్లో చెదిరిపోతోంది. ఎందుకు?

ముందు పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా చూడండి. ఎన్‌టీఎస్‌సీ కమడోర్ 64లో చాలావరకు లైన్‌కు 65 సైకిల్స్, 263 లైన్లు. అంటే ఫ్రేమ్‌కు 17,095 సైకిల్స్, పాల్‌లో కంటే రెండున్నర వేలు తక్కువ. 63 సైకిల్స్‌కు అల్లిన కోడ్ ఇక్కడ లైన్ లైన్‌కూ రెండు సైకిల్స్ జారిపోతుంది. పాట కూడా ఇరవై శాతం వేగంగా మోగుతుంది.

ఎమ్యులేటర్ చాలా, అసలు మెషీన్ కావాలా?

నేర్చుకోవడానికి ఎమ్యులేటర్ (ఈనాటి కంప్యూటర్ మీద పాత మెషీన్‌లా నడిచే ప్రోగ్రామ్) చాలు. నిజానికి అదే మేలు, కోడ్‌ను మధ్యలో ఆపి ఏ సైకిల్‌లో ఏం జరుగుతోందో చూడొచ్చు. కమడోర్‌కు వైస్ (అందులో ఎక్స్64ఎస్‌సీ), అమిగాకు విన్‌యూఏఈ, ఎస్‌టీకి హటారీ, స్పెక్ట్రమ్‌కు ఫ్యూజ్ నమ్మదగినవి. విడుదల చేసే ముందు మాత్రం ఒక్కసారైనా అసలు మెషీన్ మీద నడిపించాలి. 8088 ఎంపీహెచ్ వచ్చిన రోజున దాన్ని సరిగ్గా ఆడించగల పీసీ ఎమ్యులేటర్ ఒక్కటీ లేదు.

ఎల్‌సీడీ టీవీలో బొమ్మ బాగా రావడం లేదు?

పాత టీవీ పక్కపక్క రంగుల్ని కలిపేసేది, పాల్ టీవీ అయితే పై లైన్ రంగును కింది లైన్‌తో కూడా కలిపేది. చిత్రకారులు దాన్ని లెక్కలోకి తీసుకునే గీశారు. ఎల్‌సీడీలో ప్రతి పిక్సెల్ విడిగా తేలుతుంది. పైగా చాలా టీవీలు ఈ సిగ్నల్‌ను ఇంటర్‌లేస్ (ఒకే బొమ్మను బేసి, సరి లైన్లుగా రెండు విడతల్లో పంపే పద్ధతి) అనుకుని రెండు ఫ్రేముల్ని కలిపేస్తాయి, లేదా ఒకటి వదిలేస్తాయి. ఫ్రేములు మార్చి చూపించే బొమ్మలు అక్కడే చెడిపోతాయి. మెరిసే బొమ్మల గురించి ఒక హెచ్చరిక: రెండు ఫ్రేములు మారుతుంటే మెరుపు సెకనుకు 25 సార్లు. మెరిసే వెలుతురు వల్ల మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు వీటిని చూడకూడదు. మీరు అలాంటివి చేస్తే మొదట్లోనే ఆ మాట రాయండి.

అటకమీది పాత మెషీన్ దొరికింది. ప్లగ్ పెట్టేయొచ్చా?

వద్దు. కమడోర్ 64 పాత పవర్ సప్లై పాడైతే 5 వోల్టుల దారిలో ఎక్కువ వోల్టేజీ వదులుతుంది, మెమరీ చిప్‌లు కాలిపోతాయి. కొత్త సప్లై కొనుక్కోండి. అమిగా 500 ప్లస్ బోర్డ్ మీద బ్యాటరీ కారి రాగి దారుల్ని తినేస్తుంది, ముందు విప్పి చూడాలి. అమిగా 600, 1200లలో కెపాసిటర్లు కారతాయి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో పగిలిన ఫిల్టర్ కెపాసిటర్ ఆన్ చేసిన కాసేపటికి పొగ చిమ్మడం మామూలే. పాత టీవీని, మానిటర్‌ను మాత్రం అనుభవం లేకుండా విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కమడోర్ 64, వైస్ ఎమ్యులేటర్, మీ కోడ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే అసెంబ్లర్‌గా కిక్ అసెంబ్లర్ లేదా ఆక్మీ. స్పెక్ట్రమ్ ఇష్టమైతే ఎస్‌జేఏఎస్‌ఎమ్‌ప్లస్, అమిగా, ఎస్‌టీలకు వాస్మ్. ఈనాటి కంప్యూటర్ మీద రాసి అక్కడ నడిపించండి, పాత మెషీన్ మీదే టైప్ చేయాలనే పట్టుదల అనవసరం.

మొదటి పని: 53280 అడ్రస్‌లో బోర్డర్ రంగు ఉంటుంది. దాన్ని లూప్‌లో పెంచుతూ పోండి, రంగు చారలు పరుగెత్తుతాయి. తర్వాత రాస్టర్ ఇంటరప్ట్‌తో ఒక్క చారను ఒకే చోట నిలబెట్టండి. అంచు వణుకుతుంది, స్టేబుల్ రాస్టర్‌తో ఆ వణుకు తీయండి. ఇక్కడ ఓపిక పట్టినవాళ్ళకు మిగతాదంతా అందుబాటులోకి వస్తుంది.

ఆ తర్వాత పై, కింది బోర్డర్లు తెరవండి. 53265 రిజిస్టర్‌లో 25 వరసల బిట్ ఒకటి ఉంది. 248, 250 లైన్ల మధ్య దాన్ని 24కు మార్చండి. 24 వరసల తెర ముగియాల్సిన లైన్ అప్పటికే దాటిపోయింది, 25 వరసల లైన్ వచ్చేసరికి చిప్ దానికోసం చూడదు, కాబట్టి బోర్డర్ గీయడం మొదలే పెట్టదు. తర్వాతి ఫ్రేమ్ బొమ్మ మొదలయ్యేలోపు బిట్‌ను తిరిగి 25కు తేవాలి, ఇలా ప్రతి ఫ్రేమ్‌లోనూ చేయాలి. తెరుచుకున్న చోట స్ప్రైట్లు పెట్టుకోవచ్చు. 16383 అడ్రస్‌లో సున్నా రాయడం మర్చిపోకండి, లేకపోతే అక్కడ నల్లటి నిలువు చారలు కనిపిస్తాయి.